పిల్లల పని పెద్దల చేతిలో

ఒక మంచి మాట జనుల నోట బడి నలిగిన కొలదిని, దాని పేరు మాత్రము మిగిలి ప్రాణము పోవుట లోకమున తఱచుగా జరుగుచుండును. మన పాఠశాలలలో "ప్రాజెక్టు" అను మాటకు పట్టిన గతి యిదియే. పిల్లలు నలుగురు గూడి, తమకు నిజముగా దెలియని యొక సంగతిని దెలిసికొన బూని, పనిని పంచుకొని, చేతులతో జేసి, కన్నులతో జూచి, తప్పులు దిద్దుకొని, తుదకు తాము కనుగొన్నదానిని పదిమంది యెదుట జెప్పుట యా మాటకు సరియైన యర్థము. నేడు మన యిండ్లలో దాని కర్థమేమి? రాత్రి తొమ్మిది గంటలకు బిడ్డడు "రేపు ప్రాజెక్టు ఇయ్యవలెను" అని చెప్పుట, తండ్రి చెప్పులు తొడిగికొని కాగితముల దుకాణమునకు పరుగిడుట, తల్లి వంట ముగించి యట్టమీద రంగుల యంచు గీయుట, బిడ్డడు నిద్రపోవుట.

ఈ మాటలు చదివి మా చదువరులలో పలువురు చిఱునవ్వు నవ్వుదురని మే మెఱుగుదుము. ఇంటింట జరుగుచున్నదానిని ఎవరైనను బయట బెట్టినప్పుడు నవ్వు వచ్చుట సహజము. కాని యిది నవ్వి విడువదగిన సంగతి కాదు. బడులకు సమీపమున నున్న దుకాణములలో థర్మకోలుతో జేసిన యగ్నిపర్వతములును, సౌరకుటుంబములును, గుండెకాయ నమూనాలును వరుసగా వ్రేలాడుచున్నవి. ఏ తరగతి కే నెలలో నేది కావలయునో దుకాణదారునికి ఉపాధ్యాయునికంటె బాగుగా దెలియును. వ్రాతపని కావలసినచో జిరాక్సు దుకాణమువాడు బొమ్మలతో అచ్చువేసి, బైండు చేసి చేతి కిచ్చును. ఇటీవల నా శ్రమయు దప్పినది. చేతిఫోనులోని కృత్రిమమేధ నడిగినచో పది పుటల నివేదికను క్షణములలో వ్రాసి యిచ్చుచున్నది. ఇక బిడ్డడు చేయవలసిన పని యొక్కటియే మిగిలినది: పై యట్టమీద తన పేరు వ్రాయుట!

ఇట్టి పనివలన బిడ్డడు నేర్చుకొనుచున్న దేమి? అగ్నిపర్వతమును గుఱించి కాదు. పరులు చేసిన పనిని తన పనిగా జెప్పుకొనవచ్చునని నేర్చుకొనుచున్నాడు. అందులకు కన్నవారే తోడ్పడుదురనియు, ఉపాధ్యాయుడు తెలిసియు తెలియనట్లు మార్కులు వేయుననియు నేర్చుకొనుచున్నాడు. పరీక్షగదిలో చీటి చూచి వ్రాసిన పిల్లవానిని మనము దండించుచున్నాము. ఆ చీటికిని, మన మింట జేసి పంపు ఈ యట్టకును భేదమేమి? మొదటిది పిల్లవాడు మనకు దెలియకుండ జేసినది. రెండవది మనము ప్రక్కన గూర్చుండి చేయించినది. మా దృష్టిలో రెండవదియే పెద్ద దోషము.

ఈ దోషము మన యింటితో నాగుట లేదు. తెల్లవాఱుజామున కూలికి బోయి చీకటి పడిన పిదప నిల్లు చేరు తల్లి బిడ్డకు అట్టలు కొనియిచ్చు వారెవరు? బొమ్మలు గీసియిచ్చు వారెవరు? ఆ బిడ్డ తన చేతితో గీసికొని వచ్చిన వంకర బొమ్మ, మన బిడ్డ తెచ్చిన దుకాణపు బొమ్మ ప్రక్కన వెలవెల బోవుచున్నది. ఐదు మార్కులలో నైదును మన బిడ్డ కందును. నిజముగా పని చేసిన బిడ్డకు రెండు. ఉన్నవారి కున్నదియు లేనివారికి లేనిదియు అట్టమీద అంటించి గోడకు దగిలించు పద్ధతికి విద్యయని పేరు పెట్టితిమి. సమత్వమును గుఱించి సభలలో మాటలాడు విద్యావంతులమైన మనమే యీ యసమత్వమును మన వంటయింట దయారు చేయుచున్నాము.

ఈ స్థితి యెట్లు కలిగినదో చూతము. 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము పిల్లలను ఏడాది చివర నొక్క పరీక్షతో గాక, నిరంతరముగను సమగ్రముగను పరిశీలింపవలెనని విధించినది. తదనుసారముగా మన తెలుగు బడులలో ఏటికి నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనము లేర్పడెను. ఒక్కొక్కదాని యిరువది మార్కులలో నైదు ప్రాజెక్టు పనికి గేటాయింపబడెను. ఉద్దేశము మంచిదే. కాని లెక్క చూడుడు. విషయములాఱు, ఒక్కొక్క విషయమునకు ఏటికి నాలుగు ప్రాజెక్టులు, వెరసి యిరువదినాలుగు. సెలవులును, పరీక్షలును పోగా మిగిలిన నెలలలో ఇరువదినాలుగు విచారణలు నిజముగా జేయగల బాలు డీ భూమిమీద నెవడైన గలడా? పండితులైన పరిశోధకు లొక్క ప్రశ్నకు మూడేండ్లు గడుపుదురు గదా! చేయరాని పనిని విధించినప్పుడు దొంగపని పుట్టుట తప్పదు. ఆ దొంగపనికి మొదటి బీజము నాటినది మన బిడ్డలు కారు, ఈ సంఖ్య.

దొంగపని పెరిగిన పిదప ప్రభుత్వములు మేల్కొనెను. మేల్కొని చేసిన దేమి? ఆంధ్రప్రదేశమున 2019లో పదవ తరగతి పరీక్షలలోని ఇరువది అంతర్గత మార్కులు తీసివేయబడెను. తెలంగాణమున 2024 నవంబరులో నట్టి నిర్ణయమే ప్రకటింపబడి, వెంటనే వాయిదా వేయబడెను. మార్కులను బడులు ఇష్టము వచ్చినట్లు పంచిపెట్టుచున్నవను ఫిర్యాదు నిజమే కావచ్చును. కాని పాలలో నీరు గలుపుచున్నారని పాలు త్రాగుటయే మానుకొను వారిని వివేకులందుమా? నీరు గలుపువానిని పట్టుకొనవలెను. బిడ్డలకు పాలు పోయవలెను. ప్రాజెక్టును తీసివేసినచో మిగులునది మూడు గంటల కంఠపాఠము. దానివలన దేశమునకు గలిగిన లాభము నెన్నో తరములుగా జూచుచునే యున్నాము.

కొంద ఱిది పాశ్చాత్యుల నడిగి తెచ్చుకొన్న వేషమనియు, మన నేలకు సరిపడదనియు నందురు. ఇది నిజము కాదు. అమెరికాలో జాన్ డ్యూయీ 1896లో షికాగో విశ్వవిద్యాలయమున నెలకొల్పిన బడిలో పిల్లలు వంట చేయుచు, నేత నేయుచు, తూనికలను కొలతలను లెక్కలను నేర్చుకొనినమాట సత్యము. ఆ మార్గముననే నడచిన విలియం కిల్పాట్రిక్ 1918లో ప్రాజెక్టు పద్ధతిని గుఱించి వ్యాసము వ్రాసి, పిల్లవాడు తన మనసార బూనిన పని సంఘమధ్యమున సాగుటయే విద్యకు మూలమని వాదించెను. అయితే మన దేశమున 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన సభలో గాంధీమహాత్ముడు చేతిపని చుట్టును చదువంతయు నల్లుకొనవలెనని ప్రతిపాదింపగా, జాకీర్ హుస్సేను అధ్యక్షతను గల సంఘము పాఠ్యక్రమమును సిద్ధపఱచెను. ఆలోచన మనదియు నగును. అయితే నూలు వడుకుట యొక గంటగను, గణిత మింకొక గంటగను విడిపోయినచోట ఆ విద్యకు బ్రాణము పోవును. పనికిని చదువునకును నడుమ నున్న ముడి విడిపోరాదు, ముడియే ముఖ్యము.

మన బీదబడులలో నిది సాగదనువారికి హోషంగాబాదు చరిత్రయే చాలిన యుత్తరము. మధ్యప్రదేశమున నా జిల్లాలో 1972లో పదునాఱు మాధ్యమిక పాఠశాలలలో విజ్ఞానశాస్త్ర బోధన క్రొత్తరీతిగా నారంభింపబడెను. అవి నగరములలోని ధనికుల బడులు కావు. పల్లెటూళ్ల సర్కారు బడులు. పిల్లలు నలుగురేసి జట్లుగా గూర్చుండి, చౌక సామగ్రితో ప్రయోగములు తామే చేసిరి. బాలవైజ్ఞానిక్ అను వారి పుస్తకము ప్రశ్నల నడిగినదే కాని జవాబుల నందియ్యలేదు. పరీక్షగదిలో పుస్తకము తెఱచి చూచుకొనుట కనుమతి యుండెను. ఏలయన నడిగిన ప్రశ్నకు జవాబు పుస్తకములో నుండదు. చేతితో ప్రయోగము చేసి చూపవలసిన పరీక్షయు నుండెను. ఆ కార్యక్రమము కాలక్రమమున పెక్కు జిల్లాలకు వ్యాపించి, ముప్పది సంవత్సరములు నడచినది. 2002లో ప్రభుత్వము దానిని మూసివేసినది. మూతపడినదని చెప్పి దానిని పరిహసించువారికి మేము చెప్పున దొక్కటియే. ముప్పదియేండ్లు సర్కారు బడులలో నడచినది అసాధ్యమనుట యుక్తము కాదు.

కావున ప్రశ్న "ప్రాజెక్టు కావలెనా, వలదా" అనునది కాదు. "ఎట్టి ప్రాజెక్టు?" అనునదియే ప్రశ్న. ఏది నిజమైనది, ఏది అంగడి సరకు అని తెలిసికొనుటకు మేము నాలుగు గుఱుతులు చెప్పెదము. చదువరులు తమ పిల్లలు ఈ నెలలో తెచ్చిన ప్రాజెక్టును దీసి యీ నాలుగింటితో బోల్చి చూచుకొందురు గాక.

మొదటి గుఱుతు: ప్రశ్నకు జవాబు దుకాణములో దొరకరాదు. "వర్షము ఎట్లు కురియును?" అన్నచో జవాబు పుస్తకమున నున్నది, ఫోనున నున్నది, అట్టమీద నున్నది. "మన బడి కప్పుమీద ఈ సంవత్సరము కురిసిన వర్షము మన బడి కెన్ని దినముల నీటి కక్కఱకు వచ్చును?" అన్నచో దాని జవాబు ప్రపంచమున నే దుకాణమునను లేదు. ఎంత గొప్ప కృత్రిమమేధయైనను ఆ కప్పును కొలువలేదు. పిల్లలే నిచ్చెన ప్రక్కన నిలిచి, టేపు పట్టుకొని కొలువవలెను. ఈ యొక్క యుదాహరణమునే చివరివఱకు సాగించి చూతము.

ఒక చదరపు మీటరు కప్పుమీద ఒక మిల్లీమీటరు వర్షము కురిసినచో సరిగా ఒక లీటరు నీరగును. ఐదవ తరగతి బిడ్డకు సైత మీ లెక్క తెలియజెప్పవచ్చును. కప్పు పొడవు ఇరువది మీటర్లు, వెడల్పు ఆఱు మీటర్లు అనుకొందము. వైశాల్యము 120 చదరపు మీటర్లు. ఒకనాడు 40 మిల్లీమీటర్ల వాన కురిసినచో కప్పుమీద పడిన నీరు 4,800 లీటర్లు. బడిలో నూటయేబదిమంది పిల్లలు త్రాగుటకును, మధ్యాహ్న భోజనము పిమ్మట కంచములు కడుగుటకును తల కొక రెండు లీటర్లు వాడుదురనుకొన్నచో దినమునకు 300 లీటర్లు. అనగా నొక్క వానలో పదునాఱు దినముల నీరు మోరీపాలగుచున్నది! ఈ సంఖ్యను పుస్తకమున జదివిన బిడ్డ మఱచును. తాను కొలిచి కనుగొన్న బిడ్డ మఱువదు.

రెండవ గుఱుతు: ఒకరి పని లేక యింకొకరి పని సాగరాదు. నలుగురు కలిసి కూర్చున్నంత మాత్రమున నది సమష్టికృషి కాదు. తేరు త్రాడు పట్టుకొన్న వారందఱును లాగుచున్నారా? కొందఱు లాగుదురు, కొందఱు పట్టుకొని నడతురు, కొందఱు వ్రేలాడుదురు. ఫ్రాన్సు దేశపు వ్యవసాయ యంత్రశాస్త్రజ్ఞుడు రింగెల్మాన్ మనుష్యులచే త్రాడు లాగించి కొలిచి, జట్టు పెరిగిన కొలది నొక్కొక్కని బలము తగ్గుచున్నదని 1913లో ప్రకటించెను. పిల్లల జట్టులోను ఇంతే. చురుకైన యొక పిల్ల యంతయు జేయును. తక్కినవారు పేర్లు వ్రాయించుకొందురు.

దీనికి మందు కూడ తెలియనిది కాదు. అమెరికాలోని ఆస్టిన్ నగరమున 1971లో, నల్లజాతి పిల్లలును, మెక్సికను మూలముగల పిల్లలును, తెల్లజాతి పిల్లలును క్రొత్తగా నొక్క బడిలో గూర్చుండవలసి వచ్చి కలహములు రేగినప్పుడు, ఇలియట్ ఆరన్సను అను మనశ్శాస్త్రవేత్త పాఠమును ముక్కలు చేసి, జట్టులోని యొక్కొక్క బిడ్డ కొక్కొక్క ముక్క యిచ్చెను. తన ముక్కను తాను చెప్పనిదే జట్టునకు పాఠము పూర్తికాదు. కాబట్టి యందఱును ఒకరి మాట నొకరు వినక తప్పలేదు. మన వాననీటి లెక్కలోను అట్లే చేయవచ్చును. ఒకరు కప్పు కొలుతురు. ఒకరు వాన కొలుతురు. ఒకరు బడిలో దినమునకు ఎన్ని బిందెలు ఖర్చగుచున్నవో లెక్కింతురు. ఒకరు ఊరి పెద్దల యొద్దకు బోయి యూరి బావి పూర్వ మే నెలలో ఎండెడిదో అడిగి వ్రాసికొందురు. ఈ నాలుగు సంఖ్యలును గూడినగాని జవాబు రాదు. నలుగురిలో నొకరు పని మానినచో జట్టంతయు నిలిచిపోవును. అప్పుడు చెప్పవలసినది ఉపాధ్యాయుడు కాదు, తోడి పిల్లలే చెప్పుదురు.

ఇచట మన సంఘమునకు సంబంధించిన యొక మాట తప్పక చెప్పవలెను. జట్టులో నెవరు కలము పట్టుకొందురు, ఎవరు చీపురు పట్టుకొందురు అనునది మన దేశమున చిన్న ప్రశ్న కాదు. ఆడపిల్లను రంగులు వేయుమందురు, మగపిల్లవానిని కొలువుమందురు. "పెద్దయింటి" బిడ్డ నాయకుడగును. వాడచివరి బిడ్డ నీళ్లు మోయును. ఎవరు నేర్పకున్నను పిల్లలీ పంపకమును ఇంట జూచి బడికి దెచ్చుచున్నారు. ఉపాధ్యాయుడు ఊరకున్నచో సమష్టికృషి యను పేరిట కులమును లింగభేదమును మరల బడిలో పాదుకొనును. కావున జట్లను స్నేహమును బట్టి గాని, వాడను బట్టి గాని పిల్లలకే విడువరాదు. ఉపాధ్యాయుడే కలిపి యేర్పఱుపవలెను. వారమున కొకసారి పనులు మాఱవలెను. ఈ వారము నీరు మోసిన చేయి వచ్చే వారము లెక్క వ్రాయవలెను. లెక్క వ్రాసిన చేయి నీరు మోయవలెను. సహపంక్తి భోజనముకొఱకు మన పూర్వులు పోరాడిరి. సహపంక్తి పని దానికంటె తక్కువ సంస్కరణము కాదు.

మూడవ గుఱుతు: పని బడిలో, బడివేళలలో, ఊరిలో దొరకు వస్తువులతో జరుగవలెను. వాన కొలుచుటకు వేయి రూపాయల పరికర మక్కఱలేదు. త్రాగి పాఱవేసిన ప్లాస్టికు సీసా చాలును. దాని మెడను కోసి తలక్రిందుగా నందులోనే గరాటువలె నమర్పవలెను. సీసా యడుగు సమముగా నుండదు గనుక, అందు గులకఱాళ్లు వేసి, నిలువు ప్రక్కలు మొదలగుచోటివఱకు నీరు పోసి, అచట గీత గీసి, దానిని సున్నగా నెంచవలెను. ఆ గీతపైని పెరిగిన నీటిమట్టమును స్కేలుతో కొలిచిన నదియే వాన కొలత. మన వాతావరణశాఖవారు ఉదయ మెనిమిదిన్నర గంటలకు ఇరువదినాలుగు గంటల వర్షమును లెక్కింతురు. పిల్లలును బడికి వచ్చిన వెంటనే దినదినము నొకే వేళకు కొలిచినచో, తమ సంఖ్యను మండలపు వర్షమాపకపు సంఖ్యతో బోల్చుకొనవచ్చును. రెండును సరిపోవు. ఏల సరిపోవు? సీసా చెట్టుక్రింద బెట్టితిమా? ఆదివారమునాడు కొలిచినదెవరు? సోమవారపు సంఖ్యలో రెండు దినముల వాన చేరినదా? ఈ తగవులోనే విజ్ఞానశాస్త్రమున్నది. ఆదివారము కొలువలేదని నిజము వ్రాసిన యొక్క పంక్తి, దుకాణపు అట్టలమీది నూఱు పంక్తులకంటె విలువైనది.

కాల మెక్కడిదని యడుగుదురు. ఏటికి ఇరువదినాలుగు కృత్రిమ ప్రాజెక్టులు మాని, ఒక్కొక్క పరీక్షాకాలమునకు ఒక్క నిజమైన ప్రాజెక్టు చేసినచో కాలము మిగులునే కాని తఱుగదు. పై యొక్క లెక్కలోనే గణితము, విజ్ఞానము, భూగోళము, ఊరి చరిత్ర, తెలుగు వ్రాత యన్నియు గలవు; ఆఱు విషయముల ఉపాధ్యాయులు ఒక్క పనిని పంచుకొనవచ్చును. 2020 సంవత్సరపు జాతీయ విద్యావిధానము ఆఱు మొదలు ఎనిమిదివఱకు గల తరగతుల పిల్లలు పది దినములు పుస్తకముల సంచి లేక వడ్రంగి, కుమ్మరి, తోటమాలి మొదలగు వారియొద్ద పని నేర్చుకొనవలెనని చెప్పినది. అనుమతి కాగితముమీద నున్నది. కావలసినది పూనిక.

నాల్గవ గుఱుతు: మార్కులు వస్తువునకు గాక పనికి వేయవలెను. అందమైన యట్టకు మార్కులు వేసినంతకాలము అంద మమ్ముడువోవుచునే యుండును. ప్రతి జట్టునకు నొక దినచర్య పుస్తక ముండవలెను. ఏనాడు ఎవరేమి చేసిరో, ఏది తప్పినదో, ఎట్లు దిద్దుకొనిరో పిల్లల చేతివ్రాతతో నందుండవలెను. చివరిదినమున నుపాధ్యాయుడు చీటివేసి జట్టులో నొకరిని బిలిచి, ఆ బిడ్డ స్వయముగా జేయని భాగమును గుఱించి యడుగవలెను. కప్పు కొలిచిన బిడ్డ వాన కొలతను వివరింపగలిగెనా, ఆ జట్టు నిజముగా కలిసి పనిచేసినట్లు. లేదా, పని విడివిడిగా జరిగినట్లు. జట్టంతటికి నొక గురి యుండవలెను. ఒక్కొక్కరికిని బాధ్యత యుండవలెను. ఈ రెంటిలో నేది లేకున్నను ఫలము లేదు. తుదిని పిల్లలు తమ జవాబును ప్రధానోపాధ్యాయునికో, పంచాయతీవారికో, తల్లిదండ్రుల సభకో చెప్పవలెను. "కప్పుక్రింద తొట్టి కట్టింపుడు, ఇదిగో మా లెక్క" అని పన్నెండేండ్ల పిల్ల నిలిచి చెప్పిననాడు, సర్పంచి జవాబు చెప్పక తప్పదు. అట్టి పిల్ల పెద్దదై యోటు వేయునాడును లెక్క యడుగును.

ఇదంతయు ఉపాధ్యాయుల పనియనియు, మేము గృహస్థులమనియు మా చదువరులు తప్పించుకొన జూతురేమో! ఈ రోగమున సగము మన యిండ్లలోనే యున్నది. ఉపాధ్యాయుడు నిజమైన పని చేయించిననాడు ముందుగా నభ్యంతరము చెప్పునది మనమే. "మా పిల్లవాని నెండలో నిలువబెట్టితిరి", "ట్యూషను పాడైనది", "ఆ వాడ పిల్లలతో జట్టు కట్టితిరి" అని బడికి వచ్చి తగవులాడునది మనమే. వంకర బొమ్మ తెచ్చిన బిడ్డను చూచి "పక్కింటివా రెంత బాగుగా జేసిరో" అని చిన్నబుచ్చునది మనమే. బిడ్డ మేలుకోరియే యిట్లు చేయుచున్నామని మన విశ్వాసము. ఐదు మార్కులకొఱకు బిడ్డ చేతినుండి కలము లాగికొనుట మేలగునా? నడక నేర్చు బిడ్డను జీవితకాలము చంకనెత్తికొనుట ప్రేమయగునా?

బిడ్డకు సాయమే చేయరాదా యని యడుగుదురు. చేయవచ్చును, చేయవలెను. బిడ్డ నిచ్చెన యెక్కినపుడు నిచ్చెన పట్టుకొనుట సాయము; బిడ్డకు మాఱుగా నిచ్చెన యెక్కుట సాయము కాదు. "నీ ప్రశ్న యేమి? నీ జట్టులో నెవరేమి చేయుచున్నారు? నేడు ఏది కుదరలేదు?" అని రాత్రి భోజనవేళ నడుగుట సాయము. తాతను, మామ్మను బిడ్డ యడుగు ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పనిచ్చుట సాయము. ఇట్టి సాయమునకు అట్టలు కొనవలసిన పనిలేదు. చదువురాని తల్లియు నిది చేయగలదు. ఊరి బావి యేనాడెండెనో ఆమెకు మనకంటె బాగుగా దెలియును.

ఇంకొకటి కలదు. విద్యాహక్కు చట్టములోని ఇరువదియొకటవ సెక్షను ప్రకారము ప్రభుత్వ పాఠశాలలకును, సర్కారు సహాయము పొందు పాఠశాలలకును యాజమాన్య సంఘము లుండవలెను. వానిలో నాల్గింట మూడువంతులు తల్లిదండ్రులే. సభ్యులలో సగమువంతు స్త్రీలు. ఆ సంఘములలో మన మెన్నిసార్లు నోరు తెఱచితిమి? సున్నము, బెంచీలు, ప్రహరీగోడ యనువానిని గుఱించి మాటలాడుదుము. బిడ్డ యేమి చేయుచున్నదో యడుగము. వచ్చే సభలో ప్రతి తల్లియు లేచి మూడు ప్రశ్న లడుగవలెను. ఈ యేట మా పిల్లలు నిజముగా జేసిన ప్రాజెక్టు ఏది? అది బడివేళలలో జరిగినదా? జట్టులో మా పిల్ల చేతికి కలము వచ్చినదా? ప్రైవేటు బడులలో నిట్టి చట్టబద్ధమైన సంఘము లేకున్నను, జీతము గట్టు తలిదండ్రుల కడుగు నోరున్నది. "మా యింట చేయించు ప్రాజెక్టు మాకు వలదు, బడిలో చేయించుడు" అని పదిమంది కలిసి వ్రాసి యిచ్చినచో కాదను బడి యుండదు.

రాత్రిపూట బిడ్డడు "రేపు ప్రాజెక్టు ఇయ్యవలెను" అని చెప్పినప్పుడు చెప్పులు తొడిగికొనకుడు. బిడ్డ చేయగలిగినంత చేయనిండు. చేయలేకపోయినచో "నేను చేయలేదు" అని ఉపాధ్యాయునితో నిజము చెప్పుమని పంపుడు. ఆ నిజమునకు సున్న మార్కులు వచ్చినను, ఆ సున్నలో నున్న గౌరవము దుకాణపు ఐదులో లేదు. తఱచుగా నట్టి సున్నలు వచ్చిన బడిలో ప్రశ్నలు మాఱక తప్పదు. పది యిండ్లనుండి యట్టి నిజము వచ్చిననాడు అంగడి మూతపడక తప్పదు. సంఘసంస్కారము సభావేదికలపై నారంభమగునని మేము నమ్ముట లేదు. బిడ్డ చేతిలోని కలమును బిడ్డ చేతిలోనే యుండనిచ్చు నింట నది యారంభమగును.